డీకోడర్ పెట్టానని డబ్ల్యూపీ మోడల్ ఇంజన్‌కి వారంటీ రద్దు చేయడం గురించి

కాజీపేట,
నవంబర్ 3, 2025.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కొత్త డబ్ల్యూపీ స్టీమ్ ఇంజన్ మోడల్‌లో తయారీ లోపం, మార్పులు చేశానన్న సాకుతో వారంటీ నిరాకరణ.

అయ్యా/అమ్మా,

మీ కంపెనీ ఈ ఏడాది విడుదల చేసిన డబ్ల్యూపీ తరగతి (మన బ్రాడ్ గేజ్ ప్యాసింజర్ రైళ్ళు లాగిన ఆవిరి ఇంజన్) స్టీమ్ ఇంజన్ మోడల్‌ని (హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు దానిలో 87వ వంతు) మీ వెబ్‌సైట్‌లోనే ముందుగా బుక్ చేసి, 38,500 రూపాయలు చెల్లించి కొన్నాను. ఆగస్టు 14న పార్సిల్ అందింది. వచ్చిన రోజు నుంచే ఉన్న ఒక లోపం గురించి మీ సర్వీస్ విభాగానికి రాస్తూ వచ్చాను. అక్టోబర్ 27న వాళ్ళు పంపిన జవాబులో, కస్టమర్ వస్తువులో మార్పులు చేశారు కాబట్టి వారంటీ వర్తించదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ నిర్ణయం ఎందుకు తప్పో వివరంగా రాస్తున్నాను. దయచేసి ఈసారి ఇంజన్ల సంగతి తెలిసిన వాళ్ళ చేత దీన్ని చదివించండి.

నేను రైల్వే లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. ఆవిరి ఇంజన్ల చివరి రోజుల్లో ఖలాసీగా చేరి, తర్వాత డీజిళ్ళ మీద పనిచేశాను. ఈ సంగతి గొప్ప కోసం చెప్పడం లేదు. మీ టెక్నీషియన్ ఫోన్‌లో "సార్, మీకు మెకానిజం అర్థం కాకపోవచ్చు" అన్నారు, అందుకని చెబుతున్నాను.

ముందు బాగున్నవి చెప్పాలి. అసలు డబ్ల్యూపీకి డ్రైవింగ్ చక్రం వ్యాసం 1705 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.6 వస్తుంది. మీ మోడల్ చక్రాన్ని వెర్నియర్‌తో కొలిస్తే సరిగ్గా అంతే ఉంది. బుల్లెట్ ముక్కు వంపు, దాని మీద వెండి రంగు నక్షత్రం చాలా బాగా కుదిరాయి. గేజ్ సంగతి కూడా నేను ఫిర్యాదుగా తీసుకోవడం లేదు. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. ఈ స్కేల్‌లో అది 19 మి.మీ. దాటాలి, మీ ఇంజన్ మాత్రం 16.5 మి.మీ. పట్టాల మీద నడుస్తుంది. ఎదురుగా చూస్తే చక్రాలు లోపలికి జరిగి ఉన్నాయని తెలిసిపోతుంది. కానీ హెచ్‌ఓలో రెడీమేడ్ పట్టాలన్నీ అదే కొలతలో దొరుకుతాయి కాబట్టి ఆ రాజీ తెలిసే కొన్నాను. అయితే పెట్టెలోని కరపత్రంలో అసలు ఇంజన్ 1947లో చిత్తరంజన్‌లో తయారైందని అచ్చువేశారు. చిత్తరంజన్ కర్మాగారం మొదలైందే 1950లో. 1947లో వచ్చిన తొలి 16 ఇంజన్లు, అంటే 7200 నుంచి 7215 దాకా, అమెరికాలో బాల్డ్విన్ కంపెనీ వాళ్ళు చేసినవి. చిత్తరంజన్‌లో డబ్ల్యూపీలు తయారైంది 1960లలో. 7200 నంబరు ఇంజన్‌ని ఇప్పటికీ భద్రంగా ఉంచారు. రెండో ముద్రణలోనైనా దీన్ని దిద్దండి.

ఇక అసలు సమస్య. పెట్టె విప్పిన రోజున డీకోడర్ (డిజిటల్ సంకేతాలతో ఇంజన్‌ని నడిపించి, శబ్దం కూడా వినిపించే చిన్న సర్క్యూట్) లేదు, ఏమీ లేదు. టెండర్‌లో (ఇంజన్ వెనక ఉండే బొగ్గు, నీళ్ళ బండిలో) మీరు పెట్టిన బ్లాంకింగ్ ప్లగ్ (డీకోడర్ చోట ఉంచే ఉత్త ప్లగ్) అలాగే ఉంది. మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలర్‌తో, మీ మాన్యువల్‌లో చెప్పినట్టే, బోగీలేవీ తగిలించకుండా ముందుకు అరగంట, వెనక్కి అరగంట నడిపాను. వేగంగా పోతుంటే ఏమీ తెలియదు. నెమ్మదిగా నడిపితే మాత్రం చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఇంజన్ ఒకసారి కుంటుతోంది. అమ్మీటర్ పెట్టి చూస్తే అదే చోట ముల్లు లేచి మళ్ళీ పడుతోంది. అంటే ఆ స్థానంలో మోటార్‌కి ఏదో అడ్డం పడుతోంది. ఇదంతా కనిపించేలా వీడియో తీసి ఆగస్టు 16న పంపాను. ఆ వీడియోలో టెండర్ మూత తీసి ఉంది, బ్లాంకింగ్ ప్లగ్ కూడా కనిపిస్తుంది. 19న వచ్చిన మీ జవాబు: కొత్త గేర్లు కదా, ఇంకొన్ని గంటలు నడిపితే సర్దుకుంటుంది. సరే అని నడిపాను. సర్దుకోలేదు సరికదా, కుంటు ఇంకా ఎక్కువైంది.

కారణం ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజన్‌లో కుడివైపు క్రాంక్ పిన్నుకీ (చక్రం మీద రాడ్డు తగిలే పిన్ను) ఎడమవైపు పిన్నుకీ 90 డిగ్రీల తేడా ఉంచుతారు. రెండు వైపులా ఒకే కోణంలో ఉంటే, డెడ్ సెంటర్‌లో (పిస్టన్ కొసకి చేరి, తోసినా చక్రం తిరగని చోట) ఆగిన ఇంజన్ మళ్ళీ కదలదు. దీన్నే క్వార్టరింగ్ అంటాం. మోడల్‌లో పిస్టన్ ఉత్త అలంకారం, తిప్పేది మోటారు. కానీ మూడు డ్రైవింగ్ యాక్సిళ్ళనూ (ఇరుసులనూ) కలిపే కప్లింగ్ రాడ్లు మాత్రం అసలు ఇంజన్‌లో చేసే పనే ఇక్కడా చేస్తాయి. మోడల్‌లో ఆ కోణం కచ్చితంగా 90 ఉండకపోయినా నడుస్తుంది. 88 ఉన్నా ఫర్వాలేదు, మూడు యాక్సిళ్ళకూ 88 ఉండాలి. అందులో ఒక్కటి తప్పినా ప్రతి చుట్టులో రాడ్లు ఒకచోట బిగుసుకుంటాయి. నా ఇంజన్‌లో జరిగింది అదే. కుడివైపు మూడు పిన్నులనూ అట్టడుగుకి తెచ్చి ఎడమవైపు చూస్తే, వెనక యాక్సిల్ పిన్ను మిగతా రెండింటితో వరసలో లేదు. ఫొటో జత చేశాను.

ఆ పిన్ను ఎందుకు జరిగిందో కూడా కంటికి కనిపిస్తోంది. కరెంటు ఒక పట్టా నుంచి రెండో పట్టాకి నేరుగా దాటకూడదు కాబట్టి, మీ డిజైన్‌లో యాక్సిల్‌ని రెండు ముక్కలు చేసి మధ్యలో ప్లాస్టిక్ గొట్టంతో కలిపారు. వెనక యాక్సిల్ గొట్టానికి పొడవునా సన్నటి పగులు ఉంది. కింది ప్లేటు తీసి లెన్సుతో చూస్తే బాగా తెలుస్తుంది. కుడి చక్రాన్ని పట్టుకుని ఎడమ చక్రాన్ని వేలితో తోస్తే విడిగా కదులుతోంది. గొట్టం రంధ్రాన్ని మరీ బిగువుగా చేసి ఉండొచ్చు, లేకపోతే ఆ ప్లాస్టిక్కే నాసిరకమై ఉండొచ్చు. రెండూ మీ ఫ్యాక్టరీలో జరిగేవే.

మీరు మార్పు అంటున్న డీకోడర్‌ని ఇంత జరిగాక సెప్టెంబర్‌లో పెట్టాను. పెట్టె మీద "డీసీసీ రెడీ" (డిజిటల్ కంట్రోల్‌కి సిద్ధం) అని పెద్ద అక్షరాలతో రాసింది మీరు. టెండర్‌లో 21 పిన్నుల సాకెట్ బిగించి, స్పీకర్‌కి గూడు వదిలిందీ మీరే. మాన్యువల్ 6వ పేజీలో మూత ఎలా తియ్యాలో, ప్లగ్ పీకి డీకోడర్ ఎలా నొక్కాలో బొమ్మలు గీసి మరీ చూపించారు. నేను ఆ పేజీ దాటి పోలేదు. ఒక్క వైరు కొయ్యలేదు, ఒక్క చోట కూడా సోల్డరింగ్ చెయ్యలేదు. మీరు చెయ్యమన్న పని మీరు చెప్పినట్టే చేస్తే వారంటీ పోయేటట్టయితే, ఆ 6వ పేజీ మీదే ఎర్ర సిరాతో ఆ మాట రాయాల్సింది.

పైగా డీకోడర్ ఉండేది టెండర్‌లో, పగిలిన గొట్టం ఉన్నది ఇంజన్ అడుగున. అదే డీకోడర్‌ని నా దగ్గరున్న డబ్ల్యూడీఎం-2 డీజిల్ మోడల్‌లో పెట్టి నడిపి చూశాను. చక్కగా పనిచేస్తోంది. డీకోడర్ ప్లాస్టిక్ గొట్టాన్ని పగలగొట్టే దారి ఏదైనా ఉంటే అది కాగితం మీద రాసి పంపండి, చదువుతాను.

మీ ఈమెయిల్‌లో మార్పులంటూ ఇంకో నాలుగు రాశారు. ఇంజన్ నంబర్ మార్చారని మొదటిది. మార్చాను. ఎందుకంటే పెట్టెలో మూడు నంబర్లతో డెకాల్ షీటు (అతికించుకునే స్టిక్కర్లు) పెట్టింది మీరే, అందులోంచే ఒకటి అతికించాను. కప్లింగ్ (బోగీని తగిలించే కొక్కెం) మార్చానన్నారు. అది స్టాండర్డ్ పాకెట్‌లో లాగి పెట్టుకునేది, ఎప్పుడు కావాలంటే అప్పుడు పాతది తిరిగి పెట్టొచ్చు. మసి రంగు వేశానన్నారు. వేశాను. రోజూ బొగ్గు తిని నడిచే ఇంజన్ షోరూంలోంచి అప్పుడే దిగినట్టు నిగనిగలాడుతుంటే నాకు మింగుడు పడదు. 1969లో సికింద్రాబాద్–విజయవాడ మధ్య గోల్కొండ ఎక్స్‌ప్రెస్ వచ్చినప్పుడు, మా కాజీపేట మీదుగా దాన్ని లాగినవి ఈ డబ్ల్యూపీలే. నాకు కావాల్సింది ఆ రోజుల ఇంజన్. బాయిలర్ కింద బూడిద, సేఫ్టీ వాల్వు చుట్టూ సున్నపు చారలు, సిలిండర్ల మీద జిడ్డు ఉండాలి. మీ ప్రకటనలో వాడిన ఫొటోలో ఇంజన్ కూడా మసిపట్టే ఉంది కదా. దానికీ వారంటీ లేదా?

నాలుగోది చదివి మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను. టెండర్‌లో నిజం బొగ్గు పొడి అతికించాను కాబట్టి అది గేర్లలో పడి ఉండవచ్చట. గేర్లు ఇంజన్ కింద మూత ఉన్న పెట్టెలో ఉంటాయి. బొగ్గు వెనక టెండర్ పైన, గమ్‌తో గట్టిపడి ఉంది. గేరు పెట్టెలో ఒక్క నలుసు కూడా లేదని ఫొటో తీశాను. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే.

మోడల్ రైళ్ళ హాబీ అంటేనే కొన్న వస్తువుని సొంతం చేసుకోవడం. నంబర్ మార్చుకోనివాళ్ళు, రంగు వేసుకోనివాళ్ళు ఉంటారు. కానీ సౌండ్ పెట్టుకోవాలనే చాలామంది మీ డీసీసీ రెడీ మోడల్ కొంటారు. మార్పు వల్ల వచ్చిన లోపానికి వారంటీ ఇవ్వకపోతే ఎవరూ అడగరు. నేనే బాయిలర్‌ని డ్రిల్లుతో పొడిచి మోటార్ కాల్చుకుని ఉంటే ఈ ఉత్తరం రాసేవాడినే కాదు. ఏ మార్పు, ఏ లోపం, రెండింటికీ లింకు ఏమిటి అని చూడకుండా, "మార్పు" అన్న మాట కనబడగానే ఫైలు మూసేయడం మీద నా అభ్యంతరం.

మీ సర్వీస్ విభాగం ఇచ్చిన పరిష్కారం: మొత్తం చాసిస్ (ఇంజన్ అడుగు భాగం) 14,200 రూపాయలకి కొనుక్కోమని. విడి యాక్సిల్ అమ్మరట. సెంటీమీటరు పొడవు కూడా లేని ప్లాస్టిక్ గొట్టం కోసం మోటారు, గేర్లు, పన్నెండు చక్రాలు, రాడ్లు అన్నీ మళ్ళీ కొనాలి. ఆ గొట్టాన్ని నేనే చేసుకోగలను. లేత్ మీద డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) కడ్డీ తిప్పి, రంధ్రం వేసి, కోణం సరిచూసి నొక్కడం నాకు ఒక పూట పని. చెయ్యలేదు. చేస్తే దాన్ని ఇంకో మార్పుగా రాసుకుంటారని తెలుసు కాబట్టి, పగిలిన ముక్కని ముట్టుకోకుండా అలాగే ఉంచాను. ఎవరిని పంపినా చూపిస్తాను.

నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. క్వార్టరింగ్ సరిచూసిన వెనక యాక్సిల్ సెట్టు ఉచితంగా పంపండి, నేనే బిగించుకుంటాను. అలా బిగించినందుకు వారంటీ పోదని రాతపూర్వకంగా ఇవ్వండి. విడి యాక్సిల్ నిజంగానే లేదంటే చాసిస్ మొత్తం మీ ఖర్చుతో మార్చండి. అప్పుడు నేను చాసిస్ మాత్రమే పంపుతాను. ఇంజన్ బాడీ, టెండర్ మీకు పంపను. వాటి మీద నేను పెట్టిన పనికి మీ దగ్గర బదులు లేదు, కొత్త పెట్టె ఒకటి పంపేసి చేతులు దులుపుకుంటే నాకు ఉపయోగం లేదు. ఈ రెండూ కుదరకపోతే పూర్తి డబ్బు వాపసు ఇవ్వండి. ఇదే బ్యాచ్‌లో కొన్నవాళ్ళకి వెనక యాక్సిల్ ఒకసారి చూసుకోమని కబురు పంపితే వాళ్ళకీ మేలు, మీకూ మేలు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువు నాణ్యతలో ఉండే కొరత కూడా లోపమే. మీరు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కాబట్టి 2020 ఈ-కామర్స్ నియమాలు మీకు వర్తిస్తాయి. వాటి ప్రకారం మీ గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. మీ వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు ఎంత వెతికినా కనబడలేదు. అది కూడా పెట్టండి. నెల దాటితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. కొన్నవాళ్ళు తామున్న ఊరి కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. నాకు ఆ తిరుగుడు ఇష్టం లేదు, మీకూ ఉండదనుకుంటాను.

ఫోన్ చెయ్యొద్దు. జవాబు ఈమెయిల్‌లో గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ పంపండి.

ఇట్లు,
మీ కస్టమర్,
కాజీపేట.

జత చేసినవి: బిల్లు నకలు; ఆగస్టు 16 నాటి వీడియో, దానికి మీ 19వ తేదీ జవాబు; అక్టోబర్ 27 ఈమెయిల్; మాన్యువల్ 6వ పేజీ నకలు; ఎడమవైపు క్రాంక్ పిన్నులు, పగిలిన గొట్టం, గేరు పెట్టె ఫొటోలు.