పాత బండికి మెరుగైన ఇంజను పెట్టుకోనివ్వండి: కేంద్ర రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా,

నేను విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో డీజిల్ మెకానిక్‌ని. 28 ఏళ్లుగా ఇదే పని. నా షెడ్డులో ఒక మూల, స్టాండు మీద, పట్టా కప్పిన ఇంజను ఒకటుంది. బీఎస్ 4 ఇంజను. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకి ప్రభుత్వం పెట్టిన పరిమితుల మెట్లు; అంకె పెరిగేకొద్దీ పొగ తగ్గాలి. వెనక నుంచి లారీ గుద్దితే నుజ్జయిన పికప్‌లోంచి తీసింది. బిల్లు ఉంది, వైరింగుంది, కంప్యూటర్ బాక్సు ఉంది, సైలెన్సరు ముందుండి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు కూడా ఉంది. అన్నీ ఉండి కూడా అది ఏ బండిలోకీ ఎక్కలేకపోతోంది. ఎందుకో మీకు చెప్పాలనే ఈ లేఖ.

నూజివీడు వైపు నుంచి మామిడికాయలు, కూరగాయలు తోలే ఆయన ఒకరు ఎన్నో ఏళ్లుగా నా దగ్గరికే వస్తారు. ఆయనది 2011 మోడల్ పికప్, బీఎస్ 3. పోయిన వేసవిలో లోడుతో వస్తుండగా రేడియేటరు పైపు పగిలి నీళ్లు పోయాయి. చూసుకునేలోపే ఇంజను పట్టేసింది. విప్పితే హెడ్డు వంగి ఉంది, బ్లాకులో రెండో సిలిండరు పక్కన వెంట్రుకంత పగులు. రీబోరు చేసి నెట్టుకొద్దామన్నా కుదిరే పని కాదు. ఇంజనే మార్చాలన్నాను. ఆయన ఒక్క మాటే అన్నాడు. "ఎలాగూ మారుస్తున్నాం గదన్నా, పొగ తక్కువొచ్చేది చూడు. మార్కెట్‌లో బండి వెనక్కి పెడుతుంటే హమాలీలు ముక్కుకి తువ్వాలు కట్టుకుంటున్నారు."

అప్పుడు వెతికి తెచ్చిందే ఆ మూలనున్న ఇంజను. అదే కంపెనీది, అదే ఇంజను కుటుంబంలోది, అంటే అదే డిజైన్‌లో తర్వాత వచ్చింది. గేరుబాక్సు బోల్టులు, ఇంజను మౌంటింగులు సరిపోయాయి. వైరింగు, ఇంధనం పైపులు, సైలెన్సరు మార్చాలి. వారం రోజుల పని. కానీ అనుమతి లేకుండా పానా పట్టుకోనని చెప్పి, ముందు కాగితాలు తీసుకుని ఇద్దరం రవాణా కార్యాలయానికి వెళ్లాం.

అక్కడి బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు మర్యాదగానే మాట్లాడారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తీసి చూపించారు. తయారుచేసిన కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉండే వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అందులో ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వెళ్లిన కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. "ఇంజను రకం మారుతోంది, నేను సంతకం పెట్టలేను" అన్నారాయన. తప్పు ఆయనది కాదు. కంపెనీ డీలరును అడిగితే ఆ మోడల్ బండికి ఈ ఇంజను ఆమోదించిన జత కాదు, లేఖ ఇవ్వలేమన్నారు. ఇక పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థలున్నాయి. అక్కడ ఆమోదం తీసుకోవడం బండ్లకి బిగించే కిట్లు తయారుచేసే కంపెనీలకు సాగే పని, ఒక్క పికప్ ఉన్న మనిషి తోలుకెళ్లి చేయించుకోగలిగేది కాదు.

చివరికి ఏం చేశామంటే, తుక్కు కింద కోసిన మరో బండిలోంచి పాత బీఎస్ 3 ఇంజనే తెచ్చాం. నాలుగు రోజుల్లో ఎక్కించాను. ఇంజను నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసిచ్చాను. ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కింది. పొగ పరీక్షలో పాసయింది. ఇప్పుడు ఆ బండి నా షెడ్డు ముందు నుంచి వెళ్తే, చూడకపోయినా వాసనను బట్టి గుర్తుపడతాను. ఆ పని చేసింది నా చేతులే. అందుకే మనసు కుదుటపడక రాస్తున్నాను.

అయ్యా, ఇంజను మార్చుకోవడాన్ని మన చట్టం నిషేధించలేదు. అదే రకం వేస్తే దారి సులువు. పది రవాణా వాహనాలకు తక్కువ కాకుండా ఉన్న యజమానికి, అదే తయారీ, అదే రకం ఇంజనైతే ముందస్తు అనుమతి కూడా అక్కర్లేకుండా రాష్ట్ర ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వొచ్చని 52వ సెక్షనే చెబుతోంది. అంటే పాత పొగ పోయి పాత పొగే వస్తే కాగితం నడుస్తుంది. పొగ తగ్గించే ఇంజను వస్తే కాగితం ఆగిపోతుంది. అనుమతి లేకుండా వేసుకుంటే 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

తేడా ఎంతో లెక్కల్లో చెబుతాను. 1,760 కిలోలు దాటిన తేలికపాటి సరుకు బండ్ల తరగతిలో బీఎస్ 3 డీజిల్‌కి కిలోమీటరుకు 0.10 గ్రాముల మసి కణాలు, 0.78 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితి. బీఎస్ 4లో అవి 0.06, 0.39. నైట్రోజన్ ఆక్సైడ్లు సరిగ్గా సగం. బీఎస్ 6లో ఇంకా చాలా తక్కువ, 0.0045, 0.125. అయితే బీఎస్ 6 ఇంజను పాత పికప్‌లో పెట్టమని నేను అడగను. మసిని పట్టే ఫిల్టరు, దాన్ని వేడిచేసి కాల్చే ఏర్పాటు, సైలెన్సరు పొడవునా సెన్సర్లు, కొన్నిట్లో యూరియా ట్యాంకు, ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఒక్క సెన్సరు తప్పు చెప్పినా ఇంజను బలం తగ్గించేసుకుంటుంది. పాత ఛాసిస్‌లో అది నిజాయితీగా కుదిరే పని కాదని మెకానిక్‌గా చెబుతున్నాను. బీఎస్ 4 మాత్రం, అదే కుటుంబం ఇంజనైతే, కుదురుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాల్లో 10కి మించదు. బీఎస్ 3 రోజుల్లో 350 ఉండేది. ఇంధనం శుభ్రపడింది, ఇంజను మాత్రం పాతదే ఉండాలంటున్నాం.

చట్టం ఎందుకింత బిగించారో తెలియక కాదు నేను అడుగుతున్నది. మా పనిలో జరిగే తప్పులు మాకు తెలుసు. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి కొంత పొగని మళ్లీ ఇంజనులోకే పంపే ఏర్పాటు ఈజీఆర్; రేకు ముక్క అడ్డంపెట్టి దాన్ని మూసేసేవాళ్లున్నారు. కన్వర్టరులోని జల్లెడ కొట్టి తీసేసి, ఖాళీ డబ్బా మళ్లీ వెల్డింగ్ చేసేవాళ్లున్నారు. లాగుడు పెరగాలని పంపులో డీజిల్ ఎక్కువ వదిలేవాళ్లున్నారు. నా దగ్గరికీ అలా అడుగుతూ వస్తారు, పంపించేస్తాను. వీటిని ఇప్పటి పొగ పరీక్ష పట్టుకోగలదా? ఇంజను వేడిచేసి, న్యూట్రల్‌లో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, గొట్టంలో పెట్టిన పుల్లతో పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు. ఆ నలుపుకి మీటరు చూపే అంకె బీఎస్ 4కి ముందు బండ్లకి 2.45 దాకా, బీఎస్ 4కి 1.62 దాకా ఉంటే పాస్. కంటికి కనపడని నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి ఆ పరీక్షకి తెలియదు. ఈజీఆర్ మూసేస్తే మసి తగ్గి, ఆ బండి ఇంకా బాగా పాసయినా అవుతుంది! బానెట్ ఎత్తి చూసే మనిషి లేకపోతే ఈ మోసం బయటపడదు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ చిక్కు విప్పుకున్నారు. ఇంజను మార్చిన బండి అక్కడ మామూలు పరీక్షా కేంద్రానికి కాకుండా ముందు రెఫరీ దగ్గరికి, అంటే ఇలాంటి బండ్లని ప్రత్యేకంగా తనిఖీ చేసే మనిషి దగ్గరికి వెళ్లాలి. పెట్టే ఇంజను బండి పుట్టిన ఏడాదిదో, అంతకంటే కొత్తదో అయ్యుండాలి. పెద్ద తరగతి లారీ ఇంజను చిన్న బండిలో పెట్టకూడదు. ఆ ఇంజనుతో వచ్చిన కాలుష్య నియంత్రణ సామాను అంతా ఒక్కటి వదలకుండా ఉండాలి. అన్నీ చూసి రెఫరీ బండికి ఒక లేబుల్ అంటిస్తాడు. తర్వాతి పరీక్షలన్నీ ఆ లేబుల్‌ని బట్టే. కాలుష్యం విషయంలో అంత కఠినంగా ఉండే రాష్ట్రమే ఇంజను మార్పుకి తలుపు మూసెయ్యకుండా, తలుపు దగ్గర కాపలా పెట్టింది.

మీ శాఖకీ ఇది కొత్త ఆలోచన కాదు. 2016లోనే పాత బండ్లలో విద్యుత్ కిట్లు బిగించడానికి నిబంధనలు తెచ్చారు. 2022 ఆగస్టులో 3.5 టన్నుల లోపు బీఎస్ 6 బండ్లలో డీజిల్ ఇంజను తీసేసి సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ ఇంజను పెట్టుకోవచ్చన్నారు. డీజిల్ ఇంజను తీసి గ్యాస్ ఇంజను పెట్టొచ్చని ఒప్పుకున్నాక, ఎక్కువ పొగ వదిలే డీజిల్ తీసి తక్కువ పొగ వదిలే డీజిల్, అదీ అదే కంపెనీది, పెట్టుకోకూడదంటే ఎలా?

తుక్కు విధానం ఉంది కదా, పాత బండి ఇచ్చేసి కొత్తది కొనుక్కోమంటారేమో. తుక్కు సర్టిఫికెట్ మీద రవాణా వాహనాలకి పన్నులో 15 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని మీరే నిబంధన పెట్టారు, మంచిదే. కానీ ఆ పన్ను రాయితీతో కొత్త పికప్ రాదు. ఏటా ఫిట్‌నెస్ చేయించుకుంటూ, ఆ బండి మీదే పిల్లల్ని చదివించుకునే మనిషికి వాయిదాల భారం మోయడం సాధ్యం కాదు. ఆయన ఎలాగూ పాత బండే నడుపుతాడు. దానిలో ఏ ఇంజను తిరుగుతుందన్నదే మన చేతిలో ఉంది.

52వ సెక్షన్‌కి 2019లో జరిగిన సవరణతో మార్పులకు ప్రమాణాలు, షరతులు పెట్టే అధికారం కేంద్రానికి ఉంది. అది వాడమని వేడుకుంటున్నాను. అదే కంపెనీ, అదే తరగతి, కనీసం ఒక బీఎస్ మెట్టు పైన ఉన్న ఇంజనైతే కంపెనీ లేఖ కోసం తిప్పకండి. ఏ మోడల్లో ఏ కొత్త ఇంజను సరిపోతుందో కంపెనీలే ఒక జాబితా ప్రకటించేలా చేయండి. ప్రతి ఉమ్మడి జిల్లా కేంద్రంలో ఒక అధికారికి శిక్షణ ఇచ్చి, బానెట్ ఎత్తి ఈజీఆర్, కన్వర్టరు, వైరింగు లెక్కచూసి, ఫొటోలు తీసి, ఆర్‌సీలో ఇంజను నంబరుతో పాటు బీఎస్ మెట్టు కూడా మార్పించండి. ఆ రోజు నుంచి ఆ బండికి పొగ పరిమితి 2.45 కాకుండా 1.62 కావాలి. తర్వాత సామాను పీకేసినట్టు తేలితే శిక్ష యజమానితో పాటు బిగించిన మెకానిక్‌కీ పడాలి. బిల్లు మీద నా సంతకం, షెడ్డు నంబరు ఉండాలంటే సంతోషంగా పెడతాను.

ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలకు గడువు పెట్టండి. మొదటి ఉత్తరం నాదే వస్తుంది. మీ అధికారులెవరైనా వస్తానంటే ఆ పట్టా తీసి, ఇంజనూ దాని సామానూ ఒక్కొక్కటీ చూపిస్తాను. నూజివీడు బండిలో నేను వేసిన పాత ఇంజను ఎన్నాళ్లో నడవదు, దాని పిస్టన్లు అప్పటికే అరిగి ఉన్నాయి. అది మళ్లీ నా షెడ్డుకి వచ్చే లోపు నిబంధన వస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక డీజిల్ మెకానిక్
జవహర్ ఆటోనగర్, విజయవాడ