చెట్ల మధ్య జాగాను ఖాళీ అనకండి

సంపాదకులకు నమస్కారం.

పొడి అడవుల్లో చెట్ల నడుమ 'ఖాళీల'ను మొక్కలతో పూరించాలంటూ మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. నేను వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. అలాంటి ఖాళీల్లోనే విద్యార్థుల చేత మోకాళ్ల మీద కూర్చోబెట్టి మొక్కలు లెక్కపెట్టించేదాన్ని. వ్యాసకర్త అక్కడికి నడివేసవిలో వెళ్లి ఉంటారని నా అనుమానం. అప్పుడు ఏకవార్షికాలన్నీ, అంటే ఏడాదిలోపే మొలిచి, పూసి, చచ్చిపోయే మొక్కలన్నీ, విత్తనాలుగా, అడవినాభి వంటివి దుంపలుగా నేలలో దాగి ఉంటాయి.

దూరం నుంచి ఆ నేలంతా ఒక్కటిగానే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే నాలుగడుగులకోసారి మారిపోతుంది. చెట్టు కింద మట్టి చల్లగా ఉంటుంది, రాలిన ఆకులు కుళ్లి నత్రజని చేరుతుంది. నేలవేము వంటి మొక్కలకు అది అనువైన చోటు. నీడ దాటితే ఎండ కోరే గడ్లు, వాటి సందుల్లో నేలకు అతుక్కుని విష్ణుక్రాంత. బెత్తెడు లోతు పల్లంలో వాననీరు నిలిస్తే తుంగజాతులు దిగుతాయి. బండ మీద పలచగా మట్టి పేరుకుని నీరు ఊరే చోట యుట్రిక్యులేరియా అనే చిన్న మాంసాహార మొక్క పూస్తుంది. ఆ మట్టిలో దొరకని పోషకాలను అది సూక్ష్మజీవులను తిత్తుల్లో బంధించి రాబట్టుకుంటుంది.

ఇక చెదపుట్టలు. పుట్ట అనగానే అందరికీ పామే గుర్తొస్తుంది, మొక్కలు గుర్తు రావు! చెదలు లోపలి పొరల నుంచి బంకమట్టి రేణువులను పైకి మోసుకొస్తాయి. అందుకే పుట్టమట్టిలో కాల్షియం వంటి ఖనిజాలు చుట్టుపక్కల కంటే తరచూ ఎక్కువగా ఉంటాయి. చెదలు వదిలేసిన పుట్ట వానలకు కరిగి చుట్టూ పరుచుకుంటే, అక్కడ మొలిచే మొక్కల జాబితా పది అడుగుల అవతలి జాబితాతో కలవదు.

కాబట్టి ఒకేచోట చదరపు మీటరు చట్రం నేల మీద పెట్టి దాని లోపలి జాతులనే లెక్కిస్తే లెక్క తేలదు. నీడలో 10 జాతులు, ఎండలో 10 జాతులు దొరికి, రెండింటిలోనూ ఉన్నవి 3 మాత్రమే అయితే మొత్తం 17. రెండో చట్రం వేయనివారికి అందులో 7 కనిపించనే కనిపించవు.

బాగా ఎండిన నేలలో ఒంటరి చెట్టు కింది మొక్కలకు అండే, కాదనను. కానీ ఖాళీలన్నీ నింపితే కొన్నేళ్లకు కొమ్మలు కలుస్తాయి, ఎండ కోరే గడ్లు పోతాయి. చెట్ల లెక్క మాత్రం ఘనంగా కనిపిస్తుంది.

ఎక్కడైనా నాటాలనుకుంటే ముందు వానాకాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి సర్వే చేయాలి. నీడ, బయలు, పల్లం, బండ, పుట్ట దేనికది విడిగా నమోదు చేయాలి. పల్లాలు పూడ్చి, పుట్టలు పడగొట్టి నేలను చదును చేసే యంత్రాలను మాత్రం అసలు లోపలికి రానివ్వకూడదు.

— ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు