ఇంగ్లీషు మాట పైన తెలుగు అక్షరాలు రాయకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మూడు, నాలుగు తరగతుల పిల్లల ఇంగ్లీషు వాచకాలు ఈ నెల తిరగేశాను. చాలా పుస్తకాల్లో ప్రతి మాట మీదా పెన్సిలుతో తెలుగులోనో ఒడియాలోనో ఉచ్చారణ రాసి ఉంది. రాత్రి పనులన్నీ ముగించుకుని పిల్లల పక్కన కూర్చుని మీరు రాసినవే అవి. ఆ శ్రద్ధ అంటే నాకు ఎంతో గౌరవం. అయినా ఆ అలవాటు మానమని కోరుతున్నాను.

ఇంగ్లీషులో బనియను 'వెస్ట్', పడమర కూడా 'వెస్ట్'. తెలుగులో రాస్తే తేడా కనిపించదు, పలుకులో మాత్రం ఉంది. బనియను మాట 'వి' అక్షరంతో మొదలవుతుంది. దానికి పై పళ్లు కింది పెదవిని తాకాలి. పడమర మాటకు మొదట 'డబ్ల్యు'. దానికి పళ్లు తాకకూడదు, పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. ఒడియాలో రాస్తే చిక్కు ఇంకొకటి: అక్కడ 'వి' శబ్దానికి 'భ' వాడతారు, వీడియో 'భిడిఓ' అవుతుంది. ఒడిశాలో తెలుగు, ఒడియా రెండూ వినిపించే మన పర్లాకిమిడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకే మాటను రెండు రకాలుగా చదవడానికి కారణం ఇదే. తప్పు పిల్లలది కాదు, పైన రాసిన లిపిది.

లిపికి బదులు నోటిని చూపించండి. మూడో తరగతిలో ఒక పాప పెదవుల ముందు సన్నని కాగితం ముక్క పట్టుకుని 'పిన్' అంది. కాగితం కదలలేదు. మన 'ప'లో ఊపిరి ఉండదు కదా. టీచరు పలికి చూపించాక మళ్లీ అంది, ఈసారి కాగితం ఎగిరింది. 'స్పిన్' అన్నప్పుడు మళ్లీ కదలలేదు, అదే సరైనది. ఇంగ్లీషు మాట మొదట్లో వచ్చే ప, ట, కలకు ఊపిరి తోడవుతుంది, ముందు 'స' ఉంటే తోడవదు. ఇది మీరూ ఇంట్లో చేయించవచ్చు, ఇంగ్లీషు రానక్కర్లేదు.

బహువచనానికి గొంతు మీద వేళ్లు పెట్టించండి. 'క్యాట్' చివర గొంతు అదరదు, కనుక 'క్యాట్స్'లో 'స' మామూలుగానే ఉంటుంది. 'డాగ్' చివర అదురుతుంది, కనుక అక్కడ అదే అక్షరం తుమ్మెద ఝుంకారంలా మోగుతుంది. 'బస్' లాంటి మాటలకు 'ఇజ్' అని చేరుతుంది.

'సి' అక్షరం తరువాత ఈ, ఐ, వై వస్తే 'స', లేకపోతే సాధారణంగా 'క'. 'సిటీ', 'క్యాట్' అలా వచ్చినవే. 'జి'కీ ఇలాంటి సూత్రమే ఉంది కానీ 'గెట్', 'గివ్', 'గర్ల్' దానికి లొంగవు, వాటిని కంఠస్థం చేయించాల్సిందే. 'నైఫ్' మొదట 'కె'ను, 'వాక్' మధ్య 'ఎల్'ను రాస్తారు కానీ పలకరు.

ఇంకొక విషయం నా మనసులో చాలాకాలంగా ఉంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. ఒడియా సొంత మాటలూ అంతే, 'ఘర్' అనరు, 'ఘొరొ' అంటారు. అందుకే మన పిల్లలు 'బుక్కు', 'డాగ్గు' అని చదువుతారు. ఇంగ్లీషు పాఠం చదివేటప్పుడు చివరి హల్లు దగ్గరే ఆగమనండి. ఇంట్లో మాత్రం బస్సును బస్సు అనే పిలవండి, అది మంచి తెలుగు. పిల్లల తెలుగును ఇంగ్లీషు కోసం సరిదిద్దడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే ఉపాధ్యాయులుగా పనిచేస్తూ సవర గిరిజనుల నోట విని వారి భాష నేర్చుకున్నారు. ఆ భాషకు వాచకాలు తయారుచేశారు, 1938లో ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. చెవితో మొదలుపెట్టే చదువు ఎంత దూరం వెళ్తుందో మన ఊరికి బయటివారు చెప్పనక్కర్లేదు.

వచ్చే శనివారం బడి విడిచాక మూడో తరగతి గదిలో టీచరు ఈ శబ్దాలన్నీ పలికి చూపిస్తారు. అమ్మమ్మలు, తాతయ్యలు కూడా రావచ్చు. పిల్లల వాచకం వెంట తెచ్చుకోండి. పెన్సిలు రాతలు చెరపడానికి రబ్బరు మేమిస్తాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు