‘తెగులు మందే కదా’ అని కలిపేయకండి

సంపాదకుడికి,

కంది పూతకొచ్చే రోజుల్లో మరుకా మచ్చల పురుగుకి మందు కొట్టక తప్పదు. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అదే ట్యాంకులో హెక్సాకొనజోల్, టెబ్యుకొనజోల్ లాంటి తెగులు మందు కూడా పోయించడం మీదే మా అభ్యంతరం. ‘పూత నిలబడుతుంది, కూలి ఖర్చు కలిసొస్తుంది’ అంటూ షాపులో అంటగడతారు. తెగులు మందు పురుగును చంపదు కాబట్టి పుప్పొడి మోసే తేనెటీగల్లాంటి ఈగలకూ ఏమీ కాదని వ్యవసాయం బాగా తెలిసినవాళ్లే అనుకుంటున్నారు. చంపదు, నిజమే. దెబ్బ తగిలేది జతకట్టే దగ్గర.

జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ఫెన్‌బ్యుకొనజోల్ మీద ఒక అధ్యయనం ప్రచురించారు. అది పైన చెప్పిన మందుల్లాగే ట్రయజోల్ వర్గానిది, తేనెటీగలకు పెద్దగా విషం కాదని పేరున్నది. వాళ్లు చూసింది ఆస్మియా కార్నుటా అనే ఒంటరి ఈగను. దీనికి తేనెపట్టు ఉండదు, ప్రతి ఆడదీ తన గూడు తనే కట్టుకుంటుంది. మగది ఆడదాని వీపెక్కి ఛాతీని అదిరిస్తుంది. ఆ అదురును, ఒంటి వాసనను బట్టి ఆడది ఒప్పుకోవడమో విదిలించుకోవడమో చేస్తుంది. మందు సోకిన మగవాటిలో అదురు తగ్గింది, వాసన మారింది, ఆడవి ఎక్కువగా తిప్పికొట్టాయి.

ఈగల్లో ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడదవుతుంది, జరగనిది మగదవుతుంది. జతకట్టని ఆడది కూడా గుడ్లు పెడుతుంది, పుట్టేవన్నీ మగవే. గూళ్లు నిండుగా కనిపిస్తాయి, మరుసటి తరానికి గూడు కట్టే ఆడవే ఉండవు. పట్టులో వేల ఈగలుంటాయి గనక కొన్ని పోయినా తట్టుకుంటుంది. ఒంటరి ఈగకు ఆ వెసులుబాటు లేదు.

ఆస్మియా మన దగ్గర పొలాల్లో కనిపించే ఈగ కాదు. కానీ కంది పూలను ఒత్తి తెరిచి పుప్పొడి మోసే మెగాకైల్ ఈగలు ఆ కుటుంబానివే. గులాబీ ఆకు అంచున నాణెంతో కోసినట్టు గుండ్రటి గాటు కనిపిస్తే అది వాటిలో కొన్నింటి పనే. మన ఈగల మీద ఇలాంటి పరీక్ష చేయడానికి ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. 6 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రమున్న వెదురు గొట్టాలను ఒకవైపు మూసి, కట్టగా కట్టి గట్టు మీద వేలాడదీస్తే వాటిలో గూళ్లు కడతాయి. బయటికొచ్చిన మగవాటికి పూతలో మిగిలే మోతాదులో తెగులు మందు కలిపిన చక్కెర నీళ్లు కొన్ని రోజులు పట్టి, జతకట్టని ఆడవాటితో వదిలి, ఎన్ని ఒప్పుకున్నాయో లెక్కపెట్టాలి.

పురుగు మందుల సంగతి మరీ సూక్ష్మం. స్విట్జర్లాండ్‌లో చేసి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పుప్పొడి ముద్దలో థయామిథాక్సామ్ 4.5 పీపీబీ, క్లోథియానిడిన్ 1.5 పీపీబీ కలిపి తేనెపట్టులకు పెడితే, పోతుటీగల్లో (మగ తేనెటీగల్లో) బతికున్న వీర్యకణాలు సగటున 39 శాతం తగ్గాయి. ఒక పీపీబీ అంటే వెయ్యి టన్నుల్లో ఒక గ్రాము.

ఇవేవీ మందు డబ్బా మీద కనిపించవు. దాని మీది త్రికోణం రంగు క్షీరదాలకు ఎంత విషమో చెబుతుంది, ఈగలకు కాదు. తేనెటీగల మీద చేసే ప్రాథమిక పరీక్షలోనూ 48 గంటల్లో ఎన్ని కూలి ఈగలు చచ్చాయో చూస్తారు. కూలి ఈగ జతకట్టేదే కాదు! రిజిస్ట్రేషన్ పరీక్షల్లో మగ ఈగలను, కనీసం ఒక ఒంటరి జాతిని చేర్చమని కేంద్ర పురుగుమందుల బోర్డును రాష్ట్ర వ్యవసాయ శాఖలు అడగాలి.

ఈలోగా శాఖ కరపత్రాల్లో మార్చాల్సినవి ఉన్నాయి. ‘సాయంత్రం కొట్టండి’ అన్న సలహా పట్టుకు తిరిగెళ్లే తేనెటీగలకు సరిపోతుంది. ఒంటరి ఈగల్లో మగవి చాలావరకు గూట్లో పడుకోవు, పుల్లలను దవడలతో కరుచుకుని ఆరుబయటే నిద్రపోతాయి. సాయంత్రపు మందు సూటిగా వాటి మీదే పడుతుంది. పగటిపూట కొట్టడం కంటే అది నయమే, కాబట్టి మానమనడం లేదు. గట్టు పక్క రెండు సాళ్లు, గట్టు మీది గడ్డి మందు తగలకుండా వదిలేయమని అదనంగా రాయాలి. మొగ్గ దశలోనే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె కొడితే పురుగు గుడ్లు పెట్టడం తగ్గుతుంది, పూతలో కొట్టే అవసరమూ కొంత తగ్గుతుంది. ఆకు మీద తెగులు కళ్లకు కనబడనిదే తెగులు మందు అమ్మొద్దని డీలర్లకు చెప్పడం మండల వ్యవసాయ అధికారి చేతిలో పనే.

ఇట్లు,
వ్యవసాయ కీటకశాస్త్రం చదివిన కొందరు పాఠకులు,
తాండూరు