ఎయిర్‌పోర్ట్ కనబడకపోయినా

ఒరేయ్ మామా,

ఉత్తరం అందింది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనబడకపోయినా పరికరాలు చూసి విమానం నడిపే అర్హత) సగానికి వచ్చిందన్నావు, సంతోషం. కాంటాక్ట్ అప్రోచ్‌ని, అంటే పరికరాల దారి వదిలి నేల గుర్తులు చూసుకుంటూ ఎయిర్‌పోర్ట్‌కి చేరడాన్ని, నిజంగా ఎవరైనా వాడతారా, లేక పరీక్ష కోసం బట్టీ పట్టడమేనా అని అడిగావు కదా. వాడతారురా, కాకపోతే తక్కువ. ఇన్నేళ్లలో నేను అడిగింది రెండే సార్లు.

ముందు విజువల్ అప్రోచ్‌తో కలిపేసుకోకు. విజువల్‌కి ఎయిర్‌పోర్ట్ గానీ, ముందు వెళ్తున్న విమానం గానీ కనబడాలి. పైగా అక్కడ సీలింగ్ (మేఘాల అడుగు ఎత్తు) 1000 అడుగులు, విజిబిలిటీ (చూపు ఆనే దూరం) 3 మైళ్లు ఉండాలి. కాంటాక్ట్‌కి ఎయిర్‌పోర్ట్ కనబడక్కర్లేదు. మేఘాలకు తగలకుండా, 1 మైలు విజిబిలిటీతో, అలాగే అక్కడిదాకా పోగలనని నీకు నమ్మకం కుదిరితే చాలు. కానీ నోరు తెరిచి నువ్వే అడగాలి. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) నిబంధనల ప్రకారం కంట్రోలర్ తనంతట తాను ఇవ్వకూడదు, అడగమని సలహా కూడా ఇవ్వకూడదు.

మరి ఎప్పుడు అడుగుతాం? సీలింగ్ 900 అడుగులనుకో, విజువల్ దొరకదు. నువ్వు అప్పటికే మేఘం కిందున్నావు. కింద నది వంపు, హైవే, నీళ్ల ట్యాంకు అన్నీ బాగా ఎరిగినవే. పరికరాలతో దిగే పూర్తి ప్రొసీజర్ చేస్తే ఎయిర్‌పోర్ట్ దాటి పోయి, ప్రొసీజర్ టర్న్ (వెనక్కి తిప్పే మలుపు) కొట్టి, మళ్లీ వెనక్కి రావాలి. ఆ నది పట్టుకుని పోతే నాలుగు నిమిషాల్లో దిగుతావు. అదీ దీని రుచి.

రెండోసారి మాత్రం నాకు దొరకలేదు. పైనుంచి నాకు బాగానే కనిపిస్తోంది, కానీ పొగమంచు ముక్క ఒకటి సరిగ్గా వెదర్ సెన్సార్ మీదే కూర్చుంది. రిపోర్ట్ ముప్పావు మైలు! నేలమీద రిపోర్టయిన విజిబిలిటీ 1 మైలుకి తగ్గితే ఇవ్వరు. బుద్ధిగా పెద్ద చుట్టు తిరిగొచ్చాను. అలాగే ప్రచురించిన ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ లేని చోటికి దీన్ని అడ్డదారిగా వాడుకోవడమూ కుదరదు.

అసలు టెన్షన్ వేరే ఉంది. ఇతర ఐఎఫ్ఆర్ (పరికరాల నిబంధనలతో ఎగిరే) విమానాల నుంచి నిన్ను కంట్రోలర్ దూరంగానే ఉంచుతాడు. కొండలు, టవర్ల పూచీ మాత్రం ఆ క్షణం నుంచి నీదే. మిస్డ్ అప్రోచ్ దారి (దిగడం కుదరకపోతే మళ్లీ పైకెళ్లే దారి) కూడా ఇందులో ఉండదు. అందుకే మబ్బు కిందికి దిగేలా ఉంటే, కుదరకపోతే ఏం చేయాలో కంట్రోలర్ ఇచ్చే క్లియరెన్స్‌లో (అనుమతిలో) ముందే చెప్పించుకో. తెలియని చోట, రాత్రిపూట నేనైతే ఈ మాటే ఎత్తను. పిరికివాణ్నంటావా, అనుకో.

చెక్‌రైడ్ (ఎగిరి చూపించే పరీక్ష) తేదీ ఖాయమయ్యాక రాయి. ఎగ్జామినర్ దీని గురించి అడిగితే ఏం చెప్పావో అదీ రాయి.

నీ
మామ