కంచరపాలెం మేస్త్రి గారికి, ఘాట్ రోడ్డు ఆటో అన్నకు కృతజ్ఞతలు

సింహాచలం ఘాట్ రోడ్డులో మా కారు పొగలు కక్కి ఆగిపోయినప్పుడు, ఆ తర్వాత రిపేరు అయ్యేదాకా సాయం చేసిన వాళ్లకోసం ఈ పోస్టు. కొందరి పేర్లు నాకు తెలియవు. మేస్త్రి గారేమో "పేరు రాస్తే ఊరుకోను" అన్నారు. అందుకే పేర్లు లేకుండానే చెబుతున్నాను.

ముందు ఆటో అన్న. కొండ దిగి వస్తూ మమ్మల్ని చూసి బండి పక్కకు తీశాడు. అప్పటికే మా బావమరిది తుండు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతున్నాడు. "బాబూ, మూత ముట్టుకోకు! మొహం కాలిపోద్ది" అని దూరం నుంచే కేక వేశాడు. ఆ కేక ఎంత పని చేసిందో తర్వాత మేస్త్రి గారు చెప్పారు. కూలెంటూ (రేడియేటర్‌లో పోసే, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) నీళ్లూ సగం సగం కలిపితే ఆ మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఉండి లోపల ఒత్తిడి నిలిచిందంటే 120 దాటినా మరగదు. అప్పుడు మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, లోపలున్నది ఆవిరై మనిషి మీదకి ఎగజిమ్ముతుంది. దాన్ని తుండుగుడ్డ ఏం ఆపుతుంది!

ఎండకు అమ్మ ఇబ్బంది పడుతోందని చూసి, ఆటో వెనక్కి తిప్పి ఆవిడను గుడి దగ్గర దించి వచ్చాడు. డబ్బులివ్వబోతే "అప్పన్న దర్శనానికెళ్లే తల్లి దగ్గర తీసుకుంటానేటి?" అని నవ్వేశాడు. మేము దిగబోయే ముందు తన నీళ్ల క్యాను కూడా ఇచ్చి వెళ్లాడు.

కొండ కిందకి దిగడం మాత్రం మా పక్కింటి మావయ్య గారి చలవ. ఆయన రిటైరైన ఆర్టీసీ డ్రైవర్. ఫోన్లో ఒక్కొక్కటీ చెబుతూ వచ్చారు. ఇంజిన్ బాగా చల్లారాక నీళ్లు పోయమన్నారు, ఏసీ ఆపి హీటరు ఫుల్లుగా పెట్టమన్నారు. మే నెల ఎండలో, విశాఖ ఉక్కపోతలో హీటరు! కానీ హీటరు లోపల ఉండేది కూడా చిన్న రేడియేటరే కదా, ఇంజిన్ వేడిని కొంత లాగి మన మొహాన కొడుతుంది. అద్దాలన్నీ దించుకుని చెమటలు కక్కుతూ దిగాం. "న్యూట్రల్‌లో వదలొద్దు, ఇంజిన్ ఆపి దొర్లించొద్దు, గేరులోనే దిగు" అని పదే పదే హెచ్చరించారు. ఇంజిన్ ఆగితే బ్రేకుకూ స్టీరింగుకూ పవర్ అందదు మరి.

మొదట చూపించిన గ్యారేజీ గురించి ఎక్కువ రాయను. బానెట్ ఎత్తి ఓసారి చూసి, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద, కూలెంటూ ఆయిలూ కలవకుండా ఆపే పొర) పోయింది, హెడ్ దింపాలి అన్నారు. చెప్పిన అంకె వింటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అప్పుడు మావయ్య గారే కంచరపాలెంలోని మేస్త్రి గారి దగ్గరికి పంపారు.

ఈయన స్పానర్ పట్టుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టారు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడు ఎక్కుతుంది? మద్దిలపాలెం సిగ్నళ్ల దగ్గర, ఘాట్ ఎక్కేటప్పుడు అన్నాను. మరి హైవే మీద? ఆనందపురం వైపు వెళ్తుంటే సగం కూడా రాదు. ట్రాఫిక్‌లో ఏసీ చల్లదనం తగ్గుతోందా? తగ్గుతోంది. "సగం రోగం మీరే చెప్పేశారు బాబూ" అన్నారు. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడూ, చిన్న గేరులో ఎత్తు ఎక్కుతున్నప్పుడూ ఆ గాలి చాలదు, ఫ్యాను తిరగాలి. ఏసీ వేడిని బయటకు వదిలే కండెన్సరు కూడా ఆ ఫ్యాను మీదే ఆధారపడుతుంది. రెండూ ఒకేసారి నీరసించాయంటే అనుమానం ఎటు పోవాలో తెలుస్తూనే ఉంది.

అయినా గాస్కెట్ మాట తేల్చకుండా ముందుకు వెళ్లలేదు. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూపించారు: ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబడలేదు. ఇంజిన్ నడుస్తుంటే కూలెంటులో బుడగలు రాలేదు, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లపొగా లేదు. చేతిపంపు లాంటి టెస్టరు బిగించి ఒత్తిడి ఎక్కించి టీ తాగడానికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి టెస్టరు ముల్లు ఉన్నచోటే ఉంది. అదే టెస్టరుకు పాత మూత పెడితే మాత్రం గాలి నిలవలేదు, దాని రబ్బరు గట్టిపడిపోయింది. ఒత్తిడి నిలవని మూతతో కూలెంటు ముందే మరిగి బయటకు పోతుంది.

నాకు బాగా నచ్చింది గొట్టాల పరీక్ష. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసి పై గొట్టం మీద ఒక చెయ్యి, కింద గొట్టం మీద ఒక చెయ్యి వేయమన్నారు. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంటును రేడియేటర్‌లోకి వెళ్లనివ్వని థర్మోస్టాట్ వాల్వ్ ఉంటే పై గొట్టం చాలాసేపు చల్లగానే ఉండి, 82 నుంచి 88 డిగ్రీల మధ్య ఎక్కడో వాల్వ్ తెరుచుకున్నాక ఒక్కసారిగా వేడెక్కాలి. మాకు మొదటి నుంచీ రెండూ కలిసే నెమ్మదిగా వేడెక్కాయి. అంటే లోపల వాల్వే లేదు! సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి, ఎవరో ఎప్పుడో పీకేశారు. బండి వేడెక్కితే వాల్వ్ తీసేయడం కొందరికి అలవాటు. దాంతో హైవే మీద ఇంజిన్ కావలసినంత వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు రోగం అలాగే ఉంటుంది. నన్నడిగితే అది రిపేరే కాదు.

ఇక ఫ్యాను. ఏసీ వేస్తే తిరగలేదు. బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు తగిలిస్తే బుర్రుమని తిరిగింది, అంటే మోటారు బాగుంది. ఫ్యూజు బాగుంది, ఫ్యానుకు కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలే కూడా పనిచేస్తోంది. చివరికి ఫ్యాను ప్లగ్గు ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము! "సముద్రం పక్కన ఉంటారా?" అన్నారు. లాసన్స్ బే కాలనీ అన్నాను. ఉప్పుగాలి అక్కడ కిటికీ ఊచల్నే తినేస్తుంది, ఇక రోడ్డు మీద పెట్టిన కారు ఎంత!

కొత్త ప్లగ్గు, కొత్త మూత, కొత్త థర్మోస్టాట్, కొత్త కూలెంటు. మొత్తం ఖర్చు ఆ గాస్కెట్ అంకెలో పదో వంతు కూడా కాలేదు. కూలెంటులో బోరు నీళ్లు కలపొద్దని, లోపల సున్నం పేరుకుంటుందని, డిస్టిల్డ్ వాటరే పోశారు. గాలి బుడగ మిగిలితే మళ్లీ వేడెక్కుతుందని, బండి ముక్కు పైకి ఉండేలా ర్యాంపు మీద పెట్టి, హీటరు తెరిచి, ఫ్యాను తనంతట తాను తిరిగి ఆగేదాకా కదలనివ్వలేదు. పాత కూలెంటు తియ్యగా ఉంటుందని, కుక్కలు నాకితే చచ్చిపోతాయని, చుక్క కింద పడకుండా ట్రేలో పట్టిన హెల్పర్ కుర్రాడికి ప్రత్యేకంగా థాంక్స్. వాణ్ణి ఎవరూ మెచ్చుకోరు, నేను మెచ్చుకుంటున్నాను.

మేస్త్రి గారికీ, మావయ్య గారికీ నేరుగా చెప్పుకున్నాను. ఆటో అన్నకే చెప్పుకోలేకపోయాను, హడావిడిలో నంబరు కూడా అడగలేదు. అడవివరం, సింహాచలం వైపు ఆటోలు నడిపేవాళ్లలో ఎవరికైనా ఈ సంగతి తెలిసి ఉంటే ఆయన ఏ స్టాండులో ఉంటాడో చెప్పండి. ఆదివారం అమ్మను తీసుకుని అక్కడికే వస్తాను.