సెన్సార్ మళ్లీ మార్చే ముందు మీటర్ పట్టు బావా

ఒరేయ్ బావా,

బాగుండావా? ఇంట్లో అందరూ బాగేనా? రొయ్యల గుంట జనరేటర్ తెర మీద కోడ్ వచ్చిందని, మెకానిక్ కొత్త సెన్సార్ వేసినా అది పోలేదని నువ్వు పంపిన ఫొటో రాత్రే చూశా. ఫోన్లో చెప్తే సగం విని "సరేలే, సరేలే" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా. ఓపిగ్గా చదువు, వీలైతే జనరేటర్ పక్కన నిలబడి చదువు.

ముందు ఆ తెర మీది అంకెల సంగతి. 100, దాని పక్కన 4. మీ దగ్గరికొచ్చిన మెకానిక్ 100 చూసి ఆయిల్ ప్రెజర్ అన్నాడు, అది నిజమే. కానీ పక్కనున్న 4 జోలికి పోలేదు, సంగతంతా ఉండేది అందులోనే. ఈ కోడ్లు ఏ కంపెనీ ఇంజనైనా చాలావరకు జే1939 అనే ఒకే పద్ధతిలో వస్తాయి. మొదటి సంఖ్య దేని గురించో చెప్తుంది, రెండోది దానికి ఏమైందో చెప్తుంది. 100 అంటే ఇంజన్ ఆయిల్ ప్రెజర్, 102 అంటే టర్బో నుంచి లోపలికి పోయే గాలి ప్రెజర్, 157 అంటే కామన్ రైల్లో, అదే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో, డీజిల్ ప్రెజర్. ఇక రెండో సంఖ్య 1 వస్తే, సెన్సార్ మాట నమ్మొచ్చు, ప్రెజర్ నిజంగానే ప్రమాదకరంగా పడిపోయింది అని. 18 వచ్చినా దాదాపు అదే, తీవ్రత కొంచెం తక్కువ. 3 అంటే సిగ్నల్ వోల్టేజీ ఉండాల్సినదానికన్నా ఎక్కువుంది, 4 అంటే తక్కువుంది. అంటే 3, 4 రెండూ కరెంటు గొడవలు, ఆయిల్ గొడవలు కావు. నీకు 1 వచ్చుంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు, అప్పటికప్పుడు ఫోన్ చేసి ఇంజన్ ఆపమని అరిచేవాణ్ణి.

అంత మాత్రాన 4 కదా, నడుస్తుందిలే అని వదిలేయొద్దు రా. సెన్సార్ వైరు మీద నమ్మకం పోయాక చాలా ఇంజన్లలో ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఏదో ఒక ఊహ అంకె పెట్టుకుని బండి నడిపేస్తుంది. అప్పుడు ఆయిల్ నిజంగా కారిపోయినా ఆపేవాడు లేడు. పైగా మీ అబ్బాయి సిగ్నల్ వైరుకి ఏదో రెసిస్టర్ తగిలించి కోడ్ రాకుండా చేస్తానన్నాడని రాశావు. చేతులు విరగ్గొడతానని చెప్పు. బేరింగులు పట్టేస్తే క్రాంక్ దాకా పోతుంది, ఆ బిల్లు చూశాక సెన్సార్ ఖరీదు నీకు గుర్తు కూడా ఉండదు.

కాబట్టి కరెంటు గొడవ అని తెలిసినా మొదటి పని ఆయిల్‌దే. డిప్‌స్టిక్ తీసి మట్టం చూడు, ఆయిల్ పల్చబడిందా, డీజిల్ వాసన వస్తోందా చూడు. తర్వాత బ్లాక్ మీద ఆయిల్ గ్యాలరీకి, అంటే లోపల ఆయిల్ పారే దారికి, టెస్ట్ పోర్ట్ ఉంటే, ఇంజన్ ఆపి, అక్కడ మామూలు ముల్లు గేజ్ బిగించి, స్టార్ట్ చేసి చూడు. ఆ గేజ్‌కి వైర్లుండవు, అందుకే నాకు దాని మీద గురి. నీ ఇంజన్ పుస్తకంలో ఇచ్చిన ప్రెజర్‌కి గేజ్ సరిపోతే ఆయిల్ పంపుని, బేరింగుల్ని మర్చిపోయి నిశ్చింతగా వైరు మీదికి రా.

ఆ సెన్సార్ ఎట్లా పనిచేస్తుందో ఒక్కసారి బుర్రకెక్కితే మిగతాదంతా నువ్వే చేసుకుంటావు. పాత ఇంజన్లకి ఒంటి వైరు సెండర్ ఉండేది, ఎర్త్ దాని ఒంటి నుంచే, ముల్లు గేజ్ కదిలేది, అంతే. ఇప్పుడు లారీలు 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6, కొత్త జనరేటర్లు 2023 జూలై నుంచి సీపీసీబీ 4 ప్లస్, రెండూ పొగ మీద పెట్టిన నిబంధనలే, అందుకని ఎక్కడ చూసినా ఎలక్ట్రానిక్ ఇంజన్లే. వీటి ప్రెజర్ సెన్సార్లకి ఎక్కువగా మూడు వైర్లుంటాయి. ఒకటి ఈసీఎం పంపే 5 వోల్టులు, రెండోది తిరిగి పోయే ఎర్త్, మూడోది సిగ్నల్. లోపల పల్చటి రేకు ఉంటుంది, ప్రెజర్‌కి అది రవ్వంత వంగుతుంది, ఆ వంపుని పక్కనున్న చిన్న సర్క్యూట్ వోల్టేజీగా మార్చి సిగ్నల్ వైరులో పంపుతుంది. ప్రెజర్ లేనప్పుడు దాదాపు 0.5 వోల్టు, పూర్తి ప్రెజర్‌కి దాదాపు 4.5. నీ సెన్సార్ 10 బార్‌ది అనుకో, బార్‌కి 0.4 చొప్పున లెక్క, 4 బార్ దగ్గర 2.1 వోల్టు కనిపించాలి.

సున్నా ప్రెజర్‌కి సున్నా వోల్టు పెట్టకుండా అర వోల్టు ఎందుకు పెట్టారో ఆలోచించు, నాకు ఇందులో బాగా నచ్చేది అదే. సున్నాకి సున్నా పెట్టి ఉంటే ఆయిల్ లేక సున్నా వచ్చిందా, వైరు తెగి వచ్చిందా అని ఈసీఎంకి తెలిసే దారి లేదు. అందుకే కిందొక అర వోల్టు, పైనొక అర వోల్టు ఖాళీ వదిలారు. బాగున్న సెన్సార్ ఆ ఖాళీల్లోకి ఎప్పుడూ పోదు. సిగ్నల్ పావు వోల్టు కిందికి జారిందంటేనో, 4.75 దాటిందంటేనో, సుమారుగా అక్కడ ఈసీఎంకి అర్థమైపోతుంది, ఇది ప్రెజర్ కాదు, ఎక్కడో తెగింది లేదా షార్టయింది అని. నీ 4 పుట్టింది అట్లానే.

ఇప్పుడు పనిలోకి. మధ్యాహ్నం ఎండలో పెట్టుకో, రాత్రిళ్లు వద్దు. గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కదా, ఆ టైములో ఇంజన్ విప్పి ఉండగా కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది, నన్ను తిట్టుకుంటావు. ఇంకోటి, జనరేటర్ ప్యానెల్ని ఆటో మోడ్‌లోంచి తప్పకుండా తీసెయ్. నీ చెయ్యి బెల్ట్ దగ్గరున్నప్పుడు లైన్ కరెంటు పోతే అది నిన్ను అడిగి స్టార్ట్ అవ్వదు.

సెన్సార్ సాకెట్ ఊడదియ్. ఒక్క నిమిషం మీటర్ పక్కన పెట్టి, టార్చి వేసి లోపల కళ్లతో చూడు. మాకిక్కడ చీమకుర్తి క్వారీల్లో టిప్పర్లకైనా, క్రషర్ జనరేటర్లకైనా, రోగం ఒరుసుకోవడం దగ్గరుంటుంది. గ్రానైట్ దుమ్ము వైరు తొడుగు మీద పేరుకుంటుంది, బండి అదిరినప్పుడల్లా బ్రాకెట్ అంచు వైరుని కోస్తుంది, చివరికి రాగి బయటపడి బాడీకి తగిలి షార్ట్. ఈమధ్యే ఒక టిప్పర్‌కి ఇదే ఆయిల్ ప్రెజర్ కోడ్ వస్తుంటే, వైర్ల కట్ట వెంబడి వేలితో తడుముకుంటూ పోతే టర్బో కింద క్లాంప్ ఊడిపోయిన చోట దొరికింది, గుంతల రోడ్డు మీద మాత్రమే కోడ్ వచ్చేది, షెడ్డులో నిలబెడితే ఏమీ లేదు. మీ ఇందుకూరుపేట వైపు కథ వేరు. మైపాడు గాలిలో ఉప్పుంది, గుంటల నీటి తుంపర ఉంది, పైగా నవంబర్ వచ్చిందంటే వారాలకి వారాలు ముసురు. అందుకని నాకు అనుమానం చిలుము మీద. పిన్నుల మీద పచ్చగా కనిపిస్తే సగం కేసు తేలినట్టే. సాకెట్ చుట్టూ రబ్బరు సీల్ ఉందా, పగిలిందా చూడు. షెడ్డు కడిగేటప్పుడు ప్రెజర్ వాషర్ నేరుగా ఇంజన్ మీద కొడుతున్నారేమో మీ వాళ్లని అడుగు, కొట్టలేదనే అంటారు, నమ్మొద్దు.

పిన్నుల్ని ఉప్పుకాగితంతో రుద్దొద్దు, పైపూత పోతే నెలలో మళ్లీ చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వు. ప్రతి వైరునీ వెనకనుంచి కొంచెం గట్టిగా లాగి చూడు, పిన్ను లోపల లాక్ అయిందో లేదో తెలుస్తుంది. ఊడి చేతికొచ్చిందంటే అదే నీ దొంగ, పండగ చేసుకో.

ఇక మీటర్. బల్బు టెస్టర్ ఈ వైర్లకి తగిలించొద్దు, ఈసీఎంకి ప్రమాదం, డిజిటల్ మీటరే పెట్టు. కీ ఆన్, ఇంజన్ ఆఫ్. సాకెట్ వైరింగ్ వైపు 5 వోల్టుల పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య చూడు. ఏ పిన్ను ఏదో పుస్తకంలో ఉంటుంది, రంగుని బట్టి ఊహించొద్దు. 5కి దగ్గరగా వస్తే సరే. రాకపోతే మీటర్ నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి మళ్లీ చూడు. ఇప్పుడు 5 వచ్చిందంటే ఎర్త్ వైరు తెగినట్టు, ఇప్పుడూ రాలేదంటే 5 వోల్టుల వైపే తేడా. మీటర్ మొన దబ్బనంలా లావుగా ఉంటే ఆడ పిన్నులో దూర్చొద్దు, పిన్ను సాగి తర్వాత లూజ్ కాంటాక్ట్ నువ్వే తయారు చేసినట్టవుతుంది. వైరు తొడుగుకి గుండుసూది గుచ్చి చూసే అలవాటు కూడా మానుకో. ఆ కన్నంలోంచి మీ ఉప్పు గాలి లోపలికి పోయి రాగిని తినేస్తుంది, ఆర్నెల్ల తర్వాత ఎక్కడ తెగిందో ఎవడూ కనిపెట్టలేడు.

ఈ 5 వోల్టులు చాలాసార్లు ఒక్క సెన్సార్‌కే కాదు, ఇంకో రెండు మూడిటికి కలిపి ఇస్తారు. అందుకే 100తో పాటు 102, 157 లాంటివి కూడా ఒకేసారి వచ్చాయా అని పాత కోడ్లు కూడా చూడు. వచ్చి ఉంటే ఆ లైను మీదున్న ఏదో ఒక సెన్సార్ లోపల షార్టయి అందరి కరెంటూ లాగేస్తుండొచ్చు. మీటర్ 5 వోల్టుల మీద పెట్టి సెన్సార్లు ఒక్కొక్కటీ ఊడదీస్తూ రా. ఏది తీసినప్పుడు 5 తిరిగొచ్చిందో అదే తప్పు చేసింది. ఆయిల్ సెన్సార్‌కి ఏ పాపమూ తెలీకపోవచ్చు.

5 బాగానే ఉంటే, సాకెట్ ఊడదీసి ఉంచే తెర వైపు చూడు. సిగ్నల్ వైరు వోల్టేజీని ఈసీఎం లోపలినుంచే 5 వైపు ఎక్కించి ఉంచే ఇంజన్లలో సాకెట్ తీయగానే 4 పోయి 3 రావాలి. తర్వాత సిగ్నల్ పిన్నునీ ఎర్త్ పిన్నునీ చిన్న వైరుముక్కతో కలిపితే మళ్లీ 4 రావాలి. ఈ రెండూ చెప్పినట్టు మారాయంటే సిగ్నల్ వైరూ, ఎర్త్ వైరూ, ఈసీఎం మూడూ మంచివే, అప్పుడు సెన్సార్‌ని అనుమానించు. సాకెట్ తీసినా 4 కదలకపోతే సిగ్నల్ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. కొన్ని ఇంజన్లలో మాత్రం సాకెట్ తీస్తే 4 రావడమే పద్ధతి, కాబట్టి ఈ పరీక్షకి ముందు పుస్తకంలో ఆ ఒక్క పేజీ చూసుకో.

వైరు మీదే అనుమానం తేలితే బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీఎం దగ్గరి సాకెట్ కూడా ఊడదీసి, ఓముల్లో కొలువు. ఈ చివరనుంచి ఆ చివరకి 10 ఓముల లోపు ఉండాలి, వైరుకీ బాడీకీ మధ్య 100 కిలో ఓములకి పైన ఉండాలి. కొలుస్తూ వైర్ల కట్టని అటూ ఇటూ ఊపు, అంకె దూకిన చోట ఆగు. ఓముల లెక్క ఒక్కోసారి మోసం చేస్తుంది, ఒక్క పోగు మీద వేలాడే తాడు కూడా ఖాళీగా ఉన్నప్పుడు గట్టిగానే కనిపిస్తుంది కదా. అందుకే సెన్సార్ తగిలించి ఉంచి, సాకెట్ వెనకనుంచి సన్నటి పిన్ను పెట్టి అదే 5 వోల్టులు మళ్లీ కొలువు. విడిగా 5 చూపించి, తగిలించాక 4 వోల్టులకి పడిపోతే చిలుము దొరికినట్టే.

అతుకు వేయాల్సి వస్తే మెలిపెట్టి టేపు చుట్టే పని మీ సముద్రపు గాలికి పనికిరాదు. క్రింప్ చేసి, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్ స్లీవ్ వేయించు. నెల్లూరు ఆటోనగర్‌లో దొరుకుతుంది.

నువ్వు అడిగావు కదా, టర్బో గాలి సెన్సార్ మంచిదో కాదో ఎట్లా తెలుస్తుందని. దానికి మీటర్ కూడా అక్కర్లేదు. కీ ఆన్ చేసి ఇంజన్ ఆపి ఉంచితే అది బయటి గాలి ప్రెజరే చూపించాలి, అదీ వాతావరణంతో కలిపి కొలిచే రకమైతే. సముద్రం పక్కనే ఉన్నావు, 100 కిలోపాస్కల్స్ అటూ ఇటూగా రావాలి, ఇంజన్‌కి వాతావరణ ప్రెజర్ సెన్సార్ ఉంటే రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఇంజన్ తిరక్కుండానే 140 చూపిస్తుంటే ఆ సెన్సార్‌నో దాని వైరునో అనుమానించు. ఆయిల్ సెన్సార్‌కీ ఇదే చూపు, ఆపి ఉన్నప్పుడు సున్నా చూపించాలి.

డీజిల్ రైలు సెన్సార్ జోలికి మాత్రం పోవద్దు, సాకెట్ దాకా నీ ఇష్టం, నట్టు మీద స్పానర్ పెట్టొద్దు. నడుస్తున్నప్పుడు అందులో వెయ్యిన్నర బార్ కూడా దాటొచ్చు, సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దిగుతుంది, పైకి చీమ కుట్టినంతే కనిపించినా చెయ్యి తీసేయాల్సి రావొచ్చు.

కొత్తగా వేసిన ఆ సెన్సార్ ఎక్కడ కొన్నారో కూడా కనుక్కో. మర ఒకటే, సాకెట్ ఒకటే అయినా లోపల రేంజ్ వేరైతే 10 బార్ దాని చోట 16 బార్ ది వచ్చి కూర్చుంటుంది, కోడ్ రాదు, కానీ చూపించేదంతా అబద్ధం. పార్ట్ నంబర్ పాతదానితో పోల్చు. పాతది పారేశారా? పారేయకపోతే దాచు, నాకైతే అది మంచిదే అనిపిస్తోంది.

ఇప్పటికి నాకు మూడు అంకెలు కావాలి. సెన్సార్ ఊడదీసి 5 వోల్టుల పిన్ను దగ్గర ఎంత, తగిలించి ఎంత, కీ ఆన్‌లో సిగ్నల్ వైరులో ఎంత. సాకెట్ లోపలి ఫొటో కూడా పెట్టు, టార్చి వేసి తియ్, నిన్నటిలా చీకట్లో కాదు. అవి చూశాక నేను రావాలో, వైరు ముక్క మార్చుకుంటే సరిపోతుందో చెప్తా. ఆలోపు పక్క గుంట వాళ్ల జనరేటర్ రాత్రికి మాట్లాడి పెట్టుకో, డబ్బులడిగితే ఇచ్చెయ్, బేరాలాడొద్దు.

అక్కకి నేను అడిగానని చెప్పు.

నీ బావ,
ఒంగోలు